తుప్పు వదలగొడదాం!

తాతగారి అంబాసిడర్, నాన్న కొన్న ఫియట్, ఇంటికొచ్చిన తొలి మారుతీ... అమ్మబుద్ధి కాదు, అలా వదిలేయబుద్ధీ కాదు. 'తుప్పు మీదే పూసేయండి, ఇక చింత లేదు' అంటాయి రంగు డబ్బాలు. నిజంగా అంత తేలికా? డబ్బా కొనే ముందు, పూసేటప్పుడు, చివరికి మూత పెట్టేటప్పుడు కూడా తెలుసుకోవాల్సిన సంగతులు చాలానే ఉన్నాయి.

సంక్రాంతికి పిల్లలంతా ఊరొచ్చారు. భోజనాలయ్యాక కబుర్లు పెరట్లోని షెడ్డు దగ్గరికి చేరాయి. టార్పాలిన్ తీస్తే లోపల తెల్లటి అంబాసిడర్. ఇంట్లో ఆడపిల్లలంతా అత్తారింటికి వెళ్లింది ఆ కారులోనే. వాళ్ల పిల్లలు ఆసుపత్రి నుంచి పొత్తిళ్లలో వచ్చిందీ ఆ కారులోనే. అమెరికా నుంచి వచ్చిన మనవడు ఉత్సాహంగా తలుపు తీసి లోపల కాలు పెట్టాడు. 'కర్ర్‌ర్'మంది. మ్యాటు ఎత్తి చూస్తే ఏముంది... కింద షెడ్డు నేల కనిపిస్తోంది!

'ఏం ఫర్వాలేదు తాతయ్యా, అక్కడ తుప్పు మీదే వేసే పెయింట్ దొరుకుతుంది. ఈసారి వచ్చేటప్పుడు నాలుగు డబ్బాలు తెస్తా' అన్నాడు మనవడు.

కార్లు వేరు, ఊళ్లు వేరు. కథ మాత్రం చాలా ఇళ్లలో ఇదే. అయితే ఆ మనవడి మాటలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి, మండే గుణమున్న పెయింటును విమానంలో తీసుకురానివ్వరు. పెట్టెలో పెట్టినా, చేతిసంచిలో పెట్టినా నిషేధమే. రెండోది ఇంకా పెద్దది. నేల కనిపిస్తున్న చోట ఏ పెయింటూ పనిచేయదు. రంగు వేయాలంటే ముందు రేకంటూ ఉండాలి కదా!

ఆ రేకు దొరకడమే ఇప్పుడు కష్టం. మారుతీ 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడర్ తయారీ అదే ఏడాది మే నెలలో ఆగిపోయాయి. ప్రీమియర్ పద్మిని అంతకు పదేళ్లకు పైగా ముందే సెలవు తీసుకుంది. కొత్త తలుపు, కొత్త ఫ్లోరు కావాలంటే షోరూముకెళ్లి తెచ్చుకునే రోజులు పోయాయి. అందుకే ఉన్న రేకును కాపాడుకోవడమే పాత కారును బాగుచేయడంలో అసలు పని.

పుట్టింటికి పోయే ఇనుము

భూమిలోంచి తవ్వి తీసిన ఇనుప ఖనిజం నిజానికి ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థం. దాన్ని కొలిమిలో కాల్చి, ఆక్సిజన్‌ను తరిమేసి, ఇనుమును విడదీస్తాం. కానీ ఇనుముకు పుట్టింటి మీద బెంగ తీరదు. కాస్త గాలి, కాస్త నీరు దొరికితే చాలు, మళ్లీ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. ఆ తిరుగు ప్రయాణం పేరే తుప్పు. దారిలో ఉప్పు తోడైతే ప్రయాణం ఎక్స్‌ప్రెస్ బండెక్కినట్టే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్ర తీరపు ఊళ్లలో కార్లు త్వరగా తుప్పు పట్టడానికి కారణం గాలిలో తేలివచ్చే ఆ ఉప్పే. అమెరికా ఉత్తరాన డెట్రాయిట్, షికాగో వైపు సముద్రం లేకపోయినా అదే గోల. చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కారు అడుగుకు పట్టేస్తుంది. అందుకే అక్కడివాళ్లు తుప్పు పెయింట్ల గురించి అంతగా మాట్లాడుకుంటారు.

తుప్పుకు మరో చెడ్డ గుణం ఉంది. అది తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద చిన్న గీతలోంచి నీరు దిగితే చాలు, లోపల తుప్పు ఉబ్బి పైన రంగును పైకి లేపుతుంది. అలా పొక్కిన సందులోకి ఇంకాస్త నీరు చేరుతుంది. రాగి, అల్యూమినియంలకు పట్టే పొర కింది లోహానికి కొంత రక్షణగా నిలుస్తుంది. ఇనుప తుప్పు అలా కాదు. పొలుసులుగా రాలిపోతూ కొత్త ఇనుమును గాలికి అప్పగిస్తుంది. బయటికి రూపాయి బిళ్లంత కనిపించే బుడగ వెనక అరచేతి మేర రేకు పాడై ఉండొచ్చు.

ఢిల్లీలోని ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా ఎండకూ వానకూ నిలబడే ఉంది కదా అనొచ్చు. దాని రహస్యాన్ని ఐఐటీ కాన్పూర్‌కు చెందిన ఆర్. బాలసుబ్రమణ్యం ఏళ్ల తరబడి పరిశోధించారు. ఆ ఇనుములో భాస్వరం పాలు ఎక్కువ. దానివల్ల పైన ఓ పలచని రక్షణ పొర ఏర్పడింది. ఆ పొరే కవచం. కారు రేకులో అంత భాస్వరం ఉండదు. మనం డబ్బాలో కొనేది, ఒక రకంగా, అలాంటి కవచాన్నే!

కలంకారీ నలుపు... కారు మీద

దుకాణంలో 'తుప్పు మందు' అనడిగితే ఏదో ఒక డబ్బా చేతికిస్తారు. కానీ ఆ పేరుతో అమ్మేవి నాలుగు రకాలు. ఒకటి చేసే పని మరొకటి చేయదు.

తీసేసేవి: ఇవి తుప్పును కరిగించేస్తాయి. ఎక్కువగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. నట్లు, బ్రాకెట్లు లాంటి విడిభాగాలను వీటిలో నానబెట్టి శుభ్రం చేసుకోవచ్చు. ఇవి రంగులు కావు. పని అయ్యాక ప్రైమరు వేయకపోతే మెరిసే రేకు మీద గంటల్లోనే మళ్లీ ఎర్రటి పొర కనిపించినా ఆశ్చర్యం లేదు.

మార్చేసేవి: వీటినే రస్ట్ కన్వర్టర్ అంటారు. చాలావాటిలో టానిక్ ఆమ్లం ఉంటుంది. అది తుప్పుతో కలిసి నల్లటి గట్టి పదార్థంగా మారుతుంది. తెల్లగానో లేతగానో పూసింది కాసేపటికి నల్లబడితే పని జరుగుతున్నట్టు లెక్క. ఈ రసాయనం మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు తరతరాలుగా తెలుసు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడతారు. ఆ ద్రవంతో కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద గీత గీస్తే నల్లగా తేలుతుంది. కరక్కాయలోని టానిన్, ఇనుము కలిసి పుట్టించే నలుపది. దేవుడి బొమ్మకు కంటి గీత దిద్దే రసాయనమే కారు తుప్పునూ కట్టేస్తుందన్నమాట! అయితే దీనికి పనిచేయడానికి తుప్పు ఉండాలి. మెరిసే కొత్త రేకు మీద పూస్తే ప్రయోజనం లేదు. అట్టకట్టిన మందపాటి తుప్పులోకి పూర్తిగా ఇంకనూ లేదు.

మూసేసేవి: తుప్పును గాలి, నీరు తగలకుండా కప్పేసే గట్టి పూతలు. అమెరికాలో పేరున్న 'పీఓఆర్-15' ఈ కోవలోదే. ఆ మూడక్షరాల అర్థం 'పెయింట్ ఓవర్ రస్ట్'. ఇవి గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడే యూరథేన్ రంగులు. రాయిలా తయారవుతాయి. నున్నటి రేకు కంటే గరుకు రేకునే గట్టిగా పట్టుకుంటాయి. ఈ రకానికి ఎండ పడదు. ఎండ తగిలే చోట దాని మీద మరో రంగు తప్పనిసరి.

ప్రైమర్లు: మనకు బాగా తెలిసిన రెడ్ ఆక్సైడ్ ఇందులోదే. సరదా సంగతేమిటంటే దానికా ఎరుపునిచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే, అంటే తుప్పు చుట్టమే! కాకపోతే అది స్థిరపడిన చుట్టం. రెడ్ ఆక్సైడ్ వేసి, పై రంగు వేయకుండా నెలల తరబడి వదిలేస్తే అది నెమ్మదిగా తేమను లోపలికి రానిస్తుంది. జింకు ఎక్కువగా ఉండే ప్రైమరుది మరో పద్ధతి. ఇనుము బదులు జింకు తానే కరిగిపోతూ రేకును కాపాడుతుంది. కానీ జింకు నేరుగా రేకును తాకాలి. తుప్పు మీదో పాత రంగు మీదో వేస్తే దాని త్యాగం వృథా. రెండు డబ్బాలుగా వచ్చే ఎపాక్సీ ప్రైమరుకూ శుభ్రమైన రేకే కావాలి.

ముందు గుచ్చి చూడండి

ఏ డబ్బా కొనాలో తేల్చేది దుకాణదారు కాదు, కారే. అందుకు కావాల్సినవి ఓ స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, గుడ్డలో చుట్టిన అయస్కాంతం.

సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లాలి. 'ఖంగు'మంటే రేకు గట్టిగా ఉన్నట్టు. 'థప్'మంటే లోపల డొల్ల. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కాలి. దిగిపోతే అక్కడ పని పెయింటుది కాదు, వెల్డింగుది. అయస్కాంతం ఎక్కడ అంటుకోకుండా జారిపోతుందో అక్కడ పాత రేకు బదులు లప్పం ఉందని అర్థం. ఎప్పుడో ఎవరో రంధ్రాన్ని లప్పంతో పూడ్చి రంగేసి ఉంటారు.

ఈ పరీక్ష కారు అందం కోసమే కాదు, లోపల కూర్చునేవాళ్ల ప్రాణాల కోసం. అంబాసిడర్, పద్మిని, మారుతీ 800... ఇవేవీ లారీలా విడి ఫ్రేము మీద కూర్చోబెట్టిన బళ్లు కావు. ఫ్లోరు, తలుపుల కింది పెట్టెలాంటి అంచులు, చక్రాల గూళ్లు అన్నీ కలిసే బరువు మోస్తాయి. వెనక కమాను పట్టీలు బిగించే చోటు, సీటు బోల్టులు, సీటు బెల్టు పట్టు, స్టీరింగ్ పెట్టె దగ్గర రేకు... వీటిలో ఏది మెత్తబడినా నల్లటి గట్టి పూత దాన్ని దాచిపెడుతుందే తప్ప బలం ఇవ్వదు. పైకి నిగనిగలాడే ఆ చోటే ఓ రోజు హైవే మీద విడిపోవచ్చు. పాత కారు కొనేవాళ్లు అడుగున కొత్తగా నల్లరంగు కనిపిస్తే ముచ్చటపడకుండా, ముందు సుత్తి తీయాలి. 

మెత్తబడ్డ రేకును గట్టి అంచు దొరికే దాకా కత్తిరించి కొత్త ముక్క వెల్డింగ్ చేయడం టింకరింగ్ మేస్త్రీ పని. విజయవాడ, విశాఖ ఆటోనగర్‌లలో రేకును చేత్తో కొట్టి ఆకారం తెచ్చే పనివాళ్లున్నారు. ఈ పని పూతకు ముందే అయిపోవాలి. రంగు వేసిన చోట వెల్డింగ్ చేస్తే విషపు పొగలు వస్తాయి, వేసిన పూతా కాలిపోతుంది.

రేకును ఎంతవరకు మార్చాలన్న దానికి మరో లెక్క కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని కార్లు, మోటారు సైకిళ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చు. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో భారీ మార్పులు చేస్తే ఆ హోదా దక్కదు. అంటే అసలు రేకును ఎంత ఎక్కువగా మిగుల్చుకుంటే అంత విలువ.

కొనేటప్పుడు...

పని ఎంతో తెలిశాక కొనడం తేలిక. అప్పుడు చూడాల్సినవి ఇవీ.

* తయారైన తేదీ, ఎంతకాలం లోపు వాడాలో డబ్బా మీద చూడాలి. తేమతో గట్టిపడే రంగు పాతబడితే మూత తీయకముందే లోపల గడ్డకట్టి ఉండొచ్చు. తగ్గింపు ధరకు వస్తోందంటే ముందు తేదీ చూడాల్సిందే.

* మూత అంచు సొట్టపోయిన డబ్బా, మూత ఉబ్బిన డబ్బా వద్దు. గాలి లోపలికి దారి చేసుకున్నట్టే.

* పెద్ద డబ్బా చవకని మురిసిపోవద్దు. ఒక లీటరు డబ్బా సగం వాడి మిగతాది పారేయడం కంటే పావు లీటరువి రెండు కొనడం మేలు. ఒకటి వాడుతున్నప్పుడు రెండోది సీలుతో భద్రంగా ఉంటుంది.

* లీటరు ఎన్ని చదరపు మీటర్లకు వస్తుందో చూసి, పూతల సంఖ్యతో లెక్కేయాలి. లీటరు 10 చదరపు మీటర్లకు వస్తుందని రాసి ఉందనుకుందాం. ఫ్లోరు 3 చదరపు మీటర్లు, రెండు పూతలు. అంటే 6 చదరపు మీటర్లు, 600 మిల్లీలీటర్లు. కాస్త చేతివాటం కలుపుకుంటే ముప్పావు లీటరు చాలు.

* దాని కింద వాడాల్సిన క్లీనరు, పైన వేయాల్సిన రంగు ఒకదానికొకటి సరిపడతాయో లేదో ముందే అడగాలి. వీలైతే ఒకే కంపెనీవి తీసుకోవాలి. ఘాటైన థిన్నర్‌తో కలిపిన పై రంగు కింది పూతను ముడతలు పడేలా చేయొచ్చు.

పూత ఒక వంతు... తయారీ మూడొంతులు

వారం రోజుల పనిలో బ్రష్ పట్టుకునేది ఒక్క పూట. మిగతాదంతా రేకును సిద్ధం చేయడమే. పూసిన ఏడాదికే పెచ్చులూడితే చాలామంది డబ్బానే తిడతారు. కానీ తప్పు చాలాసార్లు డబ్బాది కాదు, కింద మిగిలిపోయిన నూనె, మట్టి, తడిది.

మొదట కడగాలి. ఇంజిన్ ఆయిలు, గ్రీజు, పాత అండర్‌కోటింగ్ పోవాలి. రుద్దడం ముందు, కడగడం తర్వాత అయితే గ్రీజంతా గీతల్లోకి దిగిపోతుంది. సముద్రం పక్క ఊళ్లలో కార్లను మంచినీళ్లతో ఒకటికి రెండుసార్లు కడగాలి. ఉప్పు మిగిలితే పూత కింద అది మళ్లీ నీటిని లాగుతుంది.

తర్వాత గీకాలి. వైర్ బ్రష్‌తో, చెక్కుడు రేకుతో రాలే తుప్పంతా రాలగొట్టాలి. 'తుప్పు మీద పూయొచ్చు' అంటే గట్టిగా అంటిపెట్టుకున్న పలచని తుప్పు మీద అని అర్థం. పొలుసు మీద పూస్తే రంగు పొలుసును పట్టుకుంటుంది, రేకును కాదు. పొలుసు రాలినరోజు రంగూ రాలుతుంది. పక్కనున్న మంచి రంగును ఎమెరీ పేపరుతో గరుకు చేసి, పూత తుప్పు అంచు దాటి కొంతమేర వచ్చేలా చూసుకోవాలి.

మూడోది ఆమ్లంతో తుడవడం. మూసేసే రకం పూతలకు ముందు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రవం వాడమంటారు. అది నున్నటి రేకును సన్నగా గరుకు చేసి, పలచటి ఫాస్ఫేటు పొరను వదులుతుంది. డబ్బా మీద చెప్పినంతసేపు ఉంచి, కడగమంటే కడిగి, ఆరబెట్టాలి. పూర్తిగా! అతుకుల మధ్య చుక్క నీరు కూడా ఉండకూడదు. ఎండలో ఉంచడమో, వేడిగాలి ఊదడమో చేయాలి.

ఇక పూత. డబ్బాను షేక్ చేయొద్దు, పుల్లతో నెమ్మదిగా కలపాలి. ఊపితే బుడగలు, వాటితో పాటు గాలిలోని తేమ లోపలికి చేరతాయి. కావాల్సినంత రంగును గిన్నెలోకి ఒంపుకుని వెంటనే మూత పెట్టేయాలి. మందంగా ఒక పూత కంటే పలచగా రెండు మేలు. తేమతో గట్టిపడే రంగు ఆ క్రమంలో కార్బన్ డయాక్సైడును వదులుతుంది. మందంగా పూసినా, వానాకాలపు ముసురులో పూసినా ఆ వాయువు బయటికి రాలేక బుడగలు కడుతుంది. మొదటి పూత వేలికి కాస్త అంటీ అంటనట్టున్నప్పుడే రెండోది వేయాలి. పూర్తిగా ఎండిపోతే దాని మీద ఏదీ అంటదు, మళ్లీ ఎమెరీ పట్టాల్సిందే. పై రంగుకూ ఇదే సూత్రం.

మన వాతావరణంలో సంక్రాంతి వెళ్లాక, ఎండలు ముదరకముందు ఈ పనికి మంచి సమయం. జనవరి మూడో వారం నుంచి మార్చి దాకా గాలి కాస్త పొడిగా ఉంటుంది. పొద్దున్నే మంచు పడ్డ రేకు మీదా, మే నెల మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత కాలిన రేకు మీదా పూయకూడదు.

పూయకూడని చోట్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. బ్రేకు భాగాలు, రబ్బరు గొట్టాలు, బోల్టు మరలు, బ్యాటరీ ఎర్తు తీగ బిగించే చోటు, నీరు బయటికి పోయే రంధ్రాలు. ఆ రంధ్రాలు మూసుకుపోతే తలుపులో నీరు నిలిచి తుప్పు మళ్లీ మొదలు. అన్నిటికంటే ముఖ్యం ఛాసిస్ నంబరు. దాని మీద మందపాటి పూత పడిందంటే రిజిస్ట్రేషన్ పొడిగింపునకు వెళ్లినప్పుడు పెన్సిల్‌తో అచ్చు తీయడానికి అక్షరాలు కనిపించవు. ముందే టేపు అంటించి, తర్వాత దాని మీద పలచగా గ్రీజు రాస్తే చాలు.

చేయి దూరని పెట్టె భాగాల లోపల బ్రష్ పనిచేయదు. అక్కడికి పొడవాటి గొట్టంతో మైనం లాంటి ద్రవాన్ని ఊదుతారు. అది జిగటగానే ఉండి సందుల్లోకి పాకుతుంది.

చేపనూనె చెప్పిన పాఠం

తుప్పు మీద పూసే రంగు ఓ ఓడ కెప్టెన్ గమనింపుతో పుట్టింది. స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ ఫెర్గుసన్ ఓడలో ఇనుప డెక్కు మీద చేపనూనె ఒలికింది. అది పడిన చోట తుప్పు ముదరడం ఆగిపోవడం ఆయన కంటపడింది. ఆ నూనెతో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1921లో అమెరికాలో 'రస్ట్-ఓలియం' కంపెనీ పెట్టారు. నూనె తుప్పును మాయం చేయలేదు. దాని సందుల్లోకి ఇంకి, గాలినీ నీటినీ అడ్డుకుంది. వందేళ్లు దాటినా, డబ్బాలు ఎన్ని మారినా సూత్రం అదే.

ముక్కుకు రుమాలు చాలదు

తేమతో గట్టిపడే యూరథేన్లలో ఐసోసయనేట్లు ఉంటాయి. వీటి ఆవిరి పీల్చినవాళ్లలో కొందరికి ఉబ్బసం పట్టుకుంటుంది. ఒకసారి శరీరానికి పడకుండా పోయిందంటే తర్వాత కొద్దిపాటి వాసనకే ఆయాసం రావచ్చు. రుమాలు, బట్ట మాస్కు ఆవిరిని ఆపలేవు. బ్రష్‌తో వేసినా గాలి ఆడే చోట, రసాయనాల ఆవిరిని పీల్చే గొట్టాలున్న మాస్కుతోనే వేయాలి. స్ప్రే చేయాలంటే బయటి నుంచి స్వచ్ఛమైన గాలి అందించే ఏర్పాటు కావాలి. అది ఇంటి షెడ్డులో చేసే పని కాదు. మేస్త్రీకి పని అప్పగించినా సరే, మాస్కు ఉందా అని అడగడం యజమాని బాధ్యతే. ఆయన ఊపిరితిత్తులూ మనవాటిలాంటివే.

పాత కారు రంగుల్లో సీసం ఉండే అవకాశమూ ఉంది. ఇళ్లకు వేసే రంగుల్లోనే సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. కాబట్టి పాత రంగును పొడిగా గీకకుండా నీళ్లు చల్లుతూ గీకాలి. ఆ దుమ్మున్న చోటికి పిల్లల్ని, గర్భిణుల్ని రానివ్వకూడదు. ఆ బట్టలు విడిగా ఉతకాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పవు. యూరథేన్ చర్మం మీద ఎండిందంటే సబ్బుకూ, థిన్నర్‌కూ లొంగదు. చర్మం పొర ఊడేదాకా మరక ఉంటుంది.

మూత దగ్గరే ఉంది కిటుకు

పని బాగా జరిగింది. సగం డబ్బా మిగిలింది. మూత నొక్కి అటక మీద పెట్టేశారు. ఆర్నెల్ల తర్వాత తీయబోతే మూత రాదు. సుత్తి, ఉలి పట్టి ఊడబీకితే లోపల నల్లరాయి! రేకుకు రంగును ఏ గుణం అతికించిందో అదే గుణం మూతనూ డబ్బాకు అతికించేసింది.

అలా కాకూడదంటే డబ్బాలోంచి నేరుగా బ్రష్ ముంచకూడదు. ఒంపుకున్నాక అంచు గాడిలో మిగిలిన రంగును గుడ్డతో శుభ్రంగా తుడిచేయాలి. డబ్బా నోటి మీద పాలిథిన్ కాగితం పరిచి ఆపైన మూత నొక్కాలి. గిన్నెలో మిగిలింది ఎంత కొంచెమైనా తిరిగి డబ్బాలో పోయకూడదు. గాలిలో ఉన్నంతసేపూ అది తేమ తాగి ఉంటుంది. ఆ రెండు చెంచాలే మొత్తాన్ని గడ్డకట్టిస్తాయి. తుప్పు మార్చే ద్రవానికీ ఇదే నియమం. బ్రష్‌తో వచ్చిన తుప్పు రేణువులు డబ్బాలో పడితే ఆ రసాయన చర్య అక్కడే మొదలవుతుంది.

మూత తీసిన తేదీ టేపు మీద రాసి డబ్బాకు అంటించాలి. నీడగా, చల్లగా ఉండే చోట పెట్టాలి. వంటగదిలో, గ్యాసు బండ పక్కన, దీపం పెట్టే గూటి దగ్గర వద్దే వద్దు. వేసవిలో రేకుల షెడ్డు కొలిమిలా కాలుతుంది, అదీ మంచిది కాదు. నిల్వ ఉన్న డబ్బా మూత ఉబ్బిందంటే లోపల తేమ చేరి వాయువు పుట్టిందన్నమాట. ముఖం దూరంగా పెట్టుకుని, గుడ్డ కప్పి, మెల్లగా మూత సడలించాలి.

ఇంకో అలవాటు ఇప్పుడే మానేయాలి. మిగిలిన ఆమ్లాన్ని, థిన్నర్‌ను కూల్‌డ్రింకు సీసాల్లో పోసి గూట్లో పెట్టడం. వేసవిలో ఆడుకుని దాహంతో వచ్చిన పిల్లాడికి అది శీతల పానీయమే. ఏ ద్రవమైనా అది వచ్చిన డబ్బాలోనే, పిల్లలకు అందనంత ఎత్తులో, తాళం పెట్టిన చోట ఉండాలి. పనికిరాని రంగును మురుగు కాల్వలో పోయొద్దు. పాత పళ్లెంలో పలచగా పరిచి, ఆరుబయట పిల్లలకు దూరంగా ఎండనిచ్చి, గట్టిపడ్డాక పారేయాలి. నూనె రంగులు తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకూడదు. కొన్ని నూనెలు ఆరుతూ వేడెక్కి వాటంతట అవే అంటుకుంటాయి. విడిగా పరిచి ఆరబెట్టాలి.

మళ్లీ షెడ్డు దగ్గరికి...

మనవడు డబ్బాలు తేలేదు. తేనక్కర్లేదు కూడా. కావాల్సిన మొదటి వస్తువులు వైర్ బ్రష్, సుత్తి, బకెట్ నీళ్లు ఇంట్లోనే ఉన్నాయి. ముందు మ్యాట్లన్నీ తీసి ఎండలో వేస్తే చాలు, సగం తుప్పుకు తిండి ఆగిపోతుంది. తర్వాత మేస్త్రీని పిలిచి, నేల కనిపిస్తున్న చోట కొత్త రేకు వేయించాలి. ఆపైన మిగిలిన గట్టి రేకు మీదే డబ్బాతో పని.

తుప్పును పూర్తిగా ఓడించడం ఎవరివల్లా కాదు. ఇనుము ఎప్పటికైనా పుట్టింటికి పోయేదే. ఆ ప్రయాణాన్ని ఓ తరం పాటు ఆపగలిగితే చాలు. వానలు పడే ముందోసారి, వెలిశాక ఓసారి కారు కింద టార్చి వేసి చూసి, పొక్కిన చోట అప్పుడే గీకి పూసుకుంటే మిగిలిన డబ్బాకూ సార్థకత.

అప్పుడు వచ్చే సంక్రాంతికి ఆ ఇంట్లో ముని మనవరాలు వెనక సీటెక్కి కాళ్లు ఆడిస్తూ కూర్చుంటుంది. ఆ కాళ్ల కింద గట్టి రేకు ఉంటుంది!